తోడల్లుళ్ళూ, ఒక పసుపు పువ్వూ

ఆ ఆదివారం ఉదయానికి వేసుకున్న ప్రణాళికలో లోపమేమీ లేదు. తెల్లవారకముందే కారు బయలుదేరాలి. వెలుగు వచ్చేసరికి ఊరి చివరి చిత్తడి నేల చేరాలి. అక్కడ నీటిలో పూచే చిన్న పసుపు పువ్వు ఎండ ముదిరితే ముడుచుకుంటుంది కనుక, ఆలోపు ఇద్దరల్లుళ్ళూ చెరొక ఫొటో తీయాలి. తర్వాత ఇంటికి వచ్చి టిఫిను తినాలి. ఈ ప్రణాళిక వేసిన మామగారు వృక్షశాస్త్రం ప్రొఫెసరుగా పదవీ విరమణ చేసిన మనిషి. మొక్కలకు ఎంత వ్యవధి కావాలో ఆయన లెక్క ఎన్నడూ తప్పలేదు. మనుషుల మనసులకు ఎంత వ్యవధి కావాలో ఆయన ఎన్నడూ లెక్క వేయలేదు. జరిగినదంతా ఆ రెండో లెక్కలో జరిగింది.

పెద్దల్లుడు నీటి సరఫరా శాఖలో ఇంజినీరు. ఊరి కింద పాతిన గొట్టాలలో ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పితే ఎంత తెరుచుకుంటుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. పెళ్ళైన కొత్తలో మామగారి మెప్పు కోసం ఒక కెమెరా కొన్నాడు. కొన్ననాడే దుకాణదారు లెన్సు మీది అంకెను ఇరవై రెండు దగ్గర పెట్టి, ఇక్కడ ఉంచితే మీకు ఏ బాధా ఉండదని చెప్పాడు. పెద్దల్లుడు ఆ మాటను వేదవాక్యంగా తీసుకుని, ఆ తర్వాత ఆ అంకె జోలికి పోలేదు. దుకాణదారు అబద్ధం చెప్పలేదు. అల్లుడుగారి ఫొటోల్లో ముందున్న ఆకూ, వెనకున్న కొమ్మా, ఆ వెనక గుట్టా, గుట్ట మీద కరెంటు స్తంభమూ, అన్నీ సమానమైన స్పష్టతతో కనిపించేవి. ఆకు ఈనెలు లెక్కపెట్టుకునే మామగారికి అంతకంటే కావలసింది లేదు. పదేళ్ళపాటు ఆయన వ్యాసాలన్నిటికీ పెద్దల్లుడి ఫొటోలే వెళ్ళాయి. వాటి కింద చీమ తలకాయంత అక్షరాలతో పెద్దల్లుడి పేరు పడేది. అతడు ఆ పేరును ప్రతిసారీ, మొదటిసారి చదువుతున్నట్టే చదువుకునేవాడు.

ఇంతలో రెండో అమ్మాయికి పెళ్ళైంది. వచ్చిన చిన్నల్లుడు పళ్ళ డాక్టరు. మెత్తని మనిషి, ఎవరేమన్నా నోరు తెరవడు. తెరిపించడమే తప్ప తెరవడం తన వృత్తి కాదని అతనే అంటూ ఉంటాడు. ఇతనూ ఒక కెమెరా వెంటపెట్టుకు వచ్చాడు. ఇతని ఫొటోల్లో పిట్ట ఒక్కటే ఉంటుంది. వెనకున్న సమస్తమూ కరిగి, పలచని ఆకుపచ్చ పొగలా నిలుస్తుంది. మొదటి ఫొటో చూడగానే అత్తగారు కళ్ళజోడు సవరించుకుని, పిట్ట వచ్చి చేతి మీద వాలేలా ఉందన్నారు. ఆ వెంటనే పెద్దల్లుడు పక్కనే ఉన్నాడని గుర్తొచ్చి, సముదాయింపుగా మరొక మాట కలిపారు.

"మీ ఫొటోలూ బాగుంటాయి బాబూ. పిట్ట ఎక్కడుందో వెతుక్కుంటూంటే పొద్దు తెలీదు."

గాయం చేసిన మాటకంటే దానికి పూసిన మందే ఎక్కువ మండుతుంది. ఆనాటి నుంచి పెద్దల్లుడికి తోడల్లుడి పేరు వింటే కడుపులో ఏదో వాల్వు లీకవుతున్నట్టుండేది. ఇంట్లో అతడి భార్య ఆ లీకును ఆపే ప్రయత్నమేమీ చేయలేదు సరికదా, వీలైనప్పుడల్లా ఒక చుట్టు వదులు చేసేది. చెల్లెలు పుట్టినప్పటి నుంచీ ఆవిడ ఆ చెల్లెలితో పోటీ పడుతున్న మనిషి. చెల్లెలికి జడ పొడుగు, చెల్లెలికి లెక్కల్లో మార్కులు, ఇప్పుడు చెల్లెలి మొగుడికి పిట్టలు.

ఈ నివురుగప్పిన నిప్పు మీద గాలి ఊదింది మామగారి పుస్తకం. ఆ చిత్తడి నేల మీద ఆయన ఉద్యోగజీవితమంతా చేసిన పరిశోధన చివరికి అచ్చుకు సిద్ధమైంది. ముఖచిత్రంగా పసుపు పువ్వు ఉండాలన్నారు. ప్రచురణ సంస్థలో అట్టలు రూపొందించే అమ్మాయి ఫోను చేసి, వెనకంతా మసగ్గా ఉండి పువ్వొక్కటే తేలినట్టుంటే బాగుంటుందని సూచించింది. తన పదేళ్ళ సేవకు పట్టాభిషేకం ఈ పుస్తకమేనని పెద్దల్లుడు మనసులో ఎప్పుడో నిశ్చయించుకున్నాడు. వ్యాసాలు పాత కాగితాల్లో పోతాయి, పుస్తకం నిలుస్తుంది. ఆ పుస్తకం రెండో పేజీలో 'ముఖచిత్రం' అన్న మాట పక్కన ఎవరి పేరు ఉంటుందన్నదే ఇప్పుడు ప్రశ్న. మామగారు న్యాయమూర్తిలా తీర్పు చెప్పారు. ఇద్దరూ తీయండి, ఏది బాగుంటే అది. న్యాయం అనేది ఇద్దరినీ సమానంగా కుదిపే పద్ధతి అని ఆయనకు తోచలేదు.

శనివారం సాయంత్రం పెద్దల్లుడు మొదటిసారి గర్వం కాస్త దిగమింగాడు. తోడల్లుణ్ణి నేరుగా అడగడానికి మనసొప్పక, ఆ మసక ఎలా వస్తుందో చెల్లెలి దగ్గర ఆరా తీయమని భార్యను పురమాయించాడు. ఆవిడ ఫోనులో ఊరంతా తిరిగి, చివరికి విషయం పట్టుకొచ్చింది.

"తెరిచి తీస్తాడటండీ. లెన్సు పూర్తిగా తెరిచేస్తాడట. అంతకంటే ఏం లేదంది."

"పూర్తిగా తెరిచా? నాది పదేళ్ళ నుంచీ బార్లా తెరిచే ఉందిగా."

ఈ మాటలో ఉన్న పొరపాటు ఇంకెవరూ చేయదగినది కాదు. వాల్వుల మధ్య జీవితం గడిపినవాడే చేయగలడు. వాల్వును రెండు చుట్లు తిప్పితే కాస్త తెరుచుకుంటుంది, ఇరవై రెండు చుట్లు తిప్పితే పూర్తిగా తెరుచుకుంటుంది. కనుక లెన్సు మీద ఇరవై రెండు అని ఉంటే అది బార్లా తెరిచినట్టేనని అతడి నమ్మకం. లెన్సులో వ్యవహారం ఇందుకు తలకిందులు. అక్కడి అంకె చుట్లు కాదు, వాటాదార్లు. ఉన్న ఆస్తిని ముగ్గురు పంచుకుంటే ఒక్కొక్కరికి ఎంత వస్తుందో, ఇరవై ఇద్దరు పంచుకుంటే ఎంత వస్తుందో ఊహించుకుంటే చాలు. అంకె పెరిగినకొద్దీ వెలుతురు వచ్చే కన్నం చిన్నదవుతుంది. కన్నం చిన్నదైతే ముందూ వెనకా అన్నీ స్పష్టంగా పడతాయి, పెద్దదైతే గురిపెట్టినది తప్ప మిగిలినది కరిగిపోతుంది. ఆస్తి లెక్కగా చెప్పి ఉంటే ఏ అల్లుడికైనా చప్పున అర్థమయ్యే విషయమే. కానీ ఎవరూ చెప్పలేదు, అతడు అడగలేదు.

ఆదివారం ఉదయం చిత్తడి నేల మీద గాలి పూర్తిగా ఆగి ఉంది. నీటి మీద చెక్కలతో కట్టిన సన్నని బాట ఉంది. దాని చివర నిలబడితే, రెండు అడుగుల దూరంలో ఒకే ఒక్క పసుపు పువ్వు అప్పుడే రేకులు విప్పుతోంది. దాని వెనక నీరు, నీటి వెనక అవతలి గట్టు, గట్టు మీద నిలువెత్తు జమ్ముగడ్డి. బాట చివర ఒక్కరికే చోటుంది. చిన్నల్లుడు అక్కడ ముక్కాలి పీట లాంటి తన స్టాండు నిలిపి, కెమెరా బిగించి, గురి చూసుకుని, అంతలోనే పక్కకు తప్పుకున్నాడు.

"ముందు మీరు తీయండి అన్నయ్యగారూ. పెద్దవారు. నేను అత్తయ్యగారిని కారులోంచి దింపి తీసుకొస్తా."

ఇటువంటి మర్యాదలే పెద్దల్లుడికి మరీ గిట్టవు. తిట్టినవాణ్ణి తిరిగి తిట్టవచ్చు. మర్యాద చేసినవాణ్ణి ఏం చేయాలి? అతడు తన కెమెరా తీస్తూ, ఓరకంట తోడల్లుడి కెమెరా వైపు చూశాడు. చూసి నిర్ఘాంతపోయాడు. దాని మీద లావుగా రాసి ఉన్న అంకె రెండు పాయింట్ ఎనిమిది.

క్షణంలో అతడికి అంతా అవగతమైంది, లేదా అయిందనుకున్నాడు. ఇతగాడు లెన్సును దాదాపు మూసేసి తీస్తున్నాడు. బయటికి మాత్రం తెరిచి తీస్తానని భార్య చేత చెప్పిస్తున్నాడు. అంటే నేను తెరిచే ఉంచుకుని జీవితాంతం కొండలూ స్తంభాలూ తీస్తూ కూర్చోవాలని పన్నాగం. అన్నయ్యగారూ అన్న పిలుపులో ఇంత విషం ఉందన్నమాట. ఈ తర్కంలో ప్రతి మెట్టూ గట్టిదే, కింద పునాది ఒక్కటే లేదు. అతడు తన లెన్సును పదేళ్ళలో మొదటిసారి కదిలించి రెండు పాయింట్ ఎనిమిదికి తిప్పాడు. పువ్వు వైపు పెట్టి నొక్కాడు. కెమెరా వెనకున్న చిన్న తెర మీద, వెన్నలా కరిగిన ఆకుపచ్చలో పసుపు చుక్క ఒకటి కనిపించింది. చదివే కళ్ళజోడు కారులో ఉండిపోయింది కనుక, చుక్క కనిపించడమే అతడికి చాలిపోయింది.

పని అయిపోయింది. అక్కడితో వెనక్కి తిరిగి ఉంటే ఇది కథయ్యేది కాదు. కానీ తాను గెలిచాననుకున్న మనిషికి అవతలివాడు ఓడిపోవడం కూడా కళ్ళారా చూడాలని ఉంటుంది. పెద్దల్లుడి చెయ్యి తోడల్లుడి కెమెరా మీదికి తనంతట తానే వెళ్ళి, అంకెను రెండు పాయింట్ ఎనిమిది నుంచి ఇరవై రెండుకు చేర్చింది. తియ్యి నాయనా, ఇప్పుడు నువ్వు కూడా స్తంభాలు తియ్యి, అనుకున్నాడు.

"ఏం చేస్తున్నారు అల్లుడుగారూ?"

వెనక మామగారు. చేతికర్ర చెక్కల మీద చప్పుడు చేస్తూనే ఉంది గాని, అసూయతో మునిగిన చెవులకు అది వినబడలేదు. పెద్దల్లుడు తడబడి, చూస్తున్నానండీ, సరిచేస్తున్నానండీ అని రెండు మాటలూ ఒకేసారి అన్నాడు. మామగారు రెండోది మాత్రమే విన్నారు. ఆయన ముఖం విప్పారింది. అప్పుడే అత్తగారి చెయ్యి పట్టుకుని వస్తున్న చిన్నల్లుణ్ణి పిలిచి, పెద్దవాడు దగ్గరుండి చిన్నవాడి కెమెరా సరిచేసి పెట్టడం ఈ రోజుల్లో ఏ ఇంట్లో చూస్తామని, తోడల్లుళ్ళంటే ఇలా ఉండాలని చిన్న ఉపన్యాసం చేశారు.

చిన్నల్లుడు వచ్చి అంకె చూసుకున్నాడు. ఒక్క క్షణం ఆశ్చర్యపోయాడు. అతని స్థానంలో వేరొకరుంటే ఈపాటికి జరిగినది గ్రహించేవారు. కానీ జీవితంలో ఎవరి మీదా అసూయపడని మనిషికి, ఎదుటివాడిలో అసూయను పోల్చుకునే కన్ను ఉండదు. అతనికి తోచిన కారణం వేరు.

"ఇరవై రెండు పెట్టారా అన్నయ్యగారూ? నిజమే సుమండీ. మామయ్యగారి పుస్తకం పువ్వు గురించి కాదు కదా, ఈ చిత్తడి గురించి. అంతా కనిపించాలి. నాకు ఆ ధ్యాసే లేదు."

మామగారు చేతికర్రతో చెక్కను ఒకసారి తట్టారు. అట్టలు రూపొందించే అమ్మాయి చెప్పినప్పుడే తనకు మనసొప్పలేదనీ, నీరూ గట్టూ జమ్మూ లేకపోతే ఆ పువ్వు ఎక్కడ పూసినట్టనీ, ఇన్నాళ్ళూ తానే ఈ మాట అందామని మొహమాటపడ్డాననీ చెప్పారు. తర్వాత పెద్దల్లుడి వైపు తిరిగి, మరి మీరూ అలాగే తీశారుగా అని అడిగారు.

పెద్దల్లుడు అలాగే తీశానని తలూపాడు. అతడి కెమెరాలో ఉన్నది మసక. పదేళ్ళపాటు మామగారికి నచ్చిన స్పష్టతను తన చేత్తో తీసుకెళ్ళి తోడల్లుడి కెమెరాలో పెట్టి, తోడల్లుడి మసకను తెచ్చి తన కెమెరాలో పెట్టుకున్నాడు. దొంగతనానికి వెళ్ళి తన పర్సు అక్కడ వదిలి వచ్చినట్టయింది. మళ్ళీ తీద్దామంటే బాట చివర చిన్నల్లుడు స్టాండుతో నిలబడ్డాడు. పెద్దవారు తీసేశారు కనుక ఇప్పుడు అతని వంతు.

ఇక మిగిలిన దారి ఒక్కటే అని పెద్దల్లుడికి తోచింది. అవతలి గట్టు మీదికి వెళ్ళి, వేరే పువ్వు వెతుకుతున్నట్టు నటిస్తూ, సరిగ్గా ఈ పువ్వు వెనక నిలబడాలి. ఇరవై రెండు దగ్గర వెనకున్నది మాయం కాదు. ముఖచిత్రం మీద పువ్వు వెనక ఒక నడివయసు ఇంజినీరు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంటే దాన్ని ఏ ప్రచురణ సంస్థ వేసుకుంటుంది? ఈ ఆలోచన రాగానే అతడు చుట్టూ తిరిగి గట్టుకు చేరాడు. జమ్ము ముందు లేత గడ్డితో నునుపైన స్థలం ఒకటి కనిపించింది. ఊరంతటి నీటినీ అదుపులో ఉంచే మనిషి, కింద నీరున్న చోట పైన గడ్డి ఎందుకంత పచ్చగా ఉంటుందో ఆలోచించలేదు. కుడికాలు పెట్టాడు, ఎడమకాలూ పెట్టాడు. రెండూ మోకాళ్ళ దాకా దిగబడ్డాయి.

అరవవచ్చు. అరిస్తే పరుగెత్తుకు వచ్చేది తోడల్లుడు. లాగి బయటపడేసేదీ అతనే. ఆ తర్వాత ప్రతి పండగకీ పబ్బానికీ ఆ ముచ్చట వినాలి. పెద్దల్లుడు అరవలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని, కావాలని నిలబడ్డట్టు ఆకాశంలోకి చూశాడు.

"అన్నయ్యగారూ, కాస్త పక్కకి జరుగుతారా? మీరు ఫొటోలో పడుతున్నారు."

"ఇక్కడి నుంచి చూడ్డానికి బాగుంది. నువ్వు కానీ."

"ఎంతసేపుంటారు?"

"చెప్పలేను."

ఇది ఆ ఉదయం అతడు పలికిన మొదటి నిజం. చిన్నల్లుడు ఓపిగ్గా నిరీక్షించాడు. నోరు తెరిచి కూర్చున్న రోగి కుదురుకునేదాకా ఆగడం అతనికి అలవాటే. కానీ పువ్వుకు ఆ అలవాటు లేదు. ఎండ జమ్ము మీదుగా దిగి నీటిని తాకుతోంది. అంచు రేకు ఒకటి అప్పుడే లోపలికి వంగడం మొదలుపెట్టింది. మామగారు ఇక ఆగడానికి వీల్లేదన్నారు.

"పోనీ అన్నయ్యగారూ, మళ్ళీ రెండు పాయింట్ ఎనిమిదికి తెచ్చేస్తా. మీరు కరిగిపోతారు. ఎవరికీ తెలీదు."

ఇక్కడ పెద్దల్లుడి ముందు రెండు దారులు నిలిచాయి. ఊ అంటే, తాను మాయమవుతాడు, పరువు దక్కుతుంది. కానీ తోడల్లుడికి పొగలాంటి ఆకుపచ్చ మీద తేలే పువ్వు దక్కుతుంది. అట్టల అమ్మాయి అడిగినది అదే, రెండో పేజీలో పేరూ అతనిదే. వద్దంటే, మోకాళ్ళ లోతు బురదలో తాను కలకాలం నిలిచిపోతాడు, కానీ ఫొటో చెడుతుంది. వివేకం ఒకవైపు లాగింది. వివేకం ఎప్పుడూ ఒక చేత్తోనే లాగుతుంది, అసూయకు రెండు చేతులూ ఖాళీ.

"ముట్టుకోకు. అది ఇరవై రెండు మీదే ఉండాలి."

ఆ గొంతులోని పట్టుదల నీటి మీదుగా వచ్చి మామగారిని తాకింది. ఆయన చేతిని కళ్ళకు అడ్డం పెట్టుకుని అవతలి గట్టును పరికించారు. నిటారుగా, కదలకుండా, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, జమ్ము పక్కన నిలబడిన మనిషి. ఆయన కళ్ళలో నీరు తిరిగింది.

వృక్షశాస్త్రంలో ఒక పద్ధతి ఉంది. మొక్కను ఫొటో తీసేటప్పుడు దాని పక్కన ఒక స్కేలో, కలమో, అగ్గిపెట్టో ఉంచుతారు. అది లేకపోతే చూసేవాడికి మొక్క జానెడుందో, తాటిచెట్టంత ఉందో తెలియదు. జమ్ములాంటి పొడవైన వాటికి మనిషినే నిలబెడతారు. తరగతులు తరగతులుగా విద్యార్థులకు చెప్పినా ఏ ఒక్కడూ గుర్తుపెట్టుకోలేదని మామగారికి తీరని బెంగ.

"కొలతకి నిలబడ్డారు చూశావా మన పెద్దల్లుడు," అని భార్యతో మెల్లగా అన్నారు. "చెప్పకుండానే. తన పేరు పోతున్నా సరే, శాస్త్రం ఉండాలని."

చిన్నల్లుడు నొక్కాడు. ఇరవై రెండు దగ్గర కన్నం సూదిబెజ్జమంత అవుతుంది కనుక, చాలినంత వెలుతురు చేరడానికి కెమెరా కాస్త ఎక్కువసేపు కన్ను తెరిచి ఉంచాలి. ఆ వ్యవధిలో కదిలినది చెదిరిపోతుంది, కదలనిది నిలిచిపోతుంది. గాలి లేదు, జమ్ము కదలలేదు. పెద్దల్లుడు కదలలేడు. పువ్వు ముడుచుకుంది.

అప్పుడు గాని అతడు నోరు విప్పి, కాస్త చెయ్యి అందివ్వమని అడగలేదు. చిన్నల్లుడు గట్టు మీద మోకరిల్లి అతడి చంకల కింద చేతులు వేశాడు. ఒక్క ఊపున లాగితే వేరు విరుగుతుందనీ, ముందు అటూ ఇటూ కదిపి వదులు చేయాలనీ, తర్వాత నిదానంగా పైకి తీయాలనీ అతనికి వృత్తి నేర్పింది. పెద్దల్లుడు ఒక బూటు బురదకు వదిలి, చక్కగా, నొప్పి లేకుండా ఊడి వచ్చాడు. కారులో పాతచీర పరిచి కూర్చోబెట్టారు. దారంతా చిన్నల్లుడు కన్నం సంగతీ, అంకెల సంగతీ, మూడు వాటాలూ ఇరవై రెండు వాటాలూ ఉదాహరణగా చెప్పి వివరిస్తూ వచ్చాడు. తెరిచి తీయడంలో ఒక్కటే చిక్కుందనీ, గురి వెంట్రుకవాసి తప్పినా పువ్వు పోతుందనీ, అందుకని ముందు పుప్పొడి మీద గురిపెట్టుకోవాలనీ చెప్పాడు. పెద్దల్లుడు కిటికీలోంచి బయటికి చూస్తూ, వినడం లేదని తెలిసేలా కూర్చున్నాడు. ఒక్క మాటా పోకుండా విన్నాడు.

ఇంటికి వచ్చి కంప్యూటరు తెర మీద రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూశారు. పెద్దల్లుడి ఫొటోలో పువ్వు ముందు అడ్డంగా వచ్చిన ఒక తుంగపోచ మహా స్పష్టంగా ఉంది. దాని అంచున ఉన్న నూగు కూడా లెక్కపెట్టవచ్చు. పువ్వు మాత్రం కూరలో కలిసిన పసుపులా ఉంది. పదేళ్ళపాటు ఇరవై రెండు అతడి గురిని తానే కాపాడుతూ వచ్చింది. ఎక్కడ గురిపెట్టినా అన్నీ పడేవి కనుక, గురిపెట్టడమంటూ ఒకటుందని అతడికి తెలియనే లేదు. అత్తగారు చాలాసేపు చూసి, ఈ గడ్డిపోచ చాలా బాగా వచ్చింది బాబూ అన్నారు.

చిన్నల్లుడి ఫొటోలో పువ్వుంది, నీరుంది, గట్టుంది, జమ్ము ఉంది. జమ్ము పక్కన నడుం మీద చేతులతో, ఎవరి మీదో పీకల దాకా కోపంతో ఆకాశంలోకి చూస్తున్న మనిషి ఉన్నాడు. అతడి చొక్కా గుండీలు కూడా కనిపిస్తున్నాయి. దీన్ని ఎవరూ వేసుకోరని పెద్దల్లుడు లోలోపల నిశ్చింతగా ఊపిరి పీల్చుకున్నాడు. మామగారు అదే పంపించారు. అట్టల అమ్మాయి గంటలోపలే ఫోను చేసింది. మసక సంగతి మరిచిపొమ్మంది. ప్రకృతి ముందు మనిషి ఎంత నిస్సహాయుడో ఆ వెనకున్నాయన ముఖంలో ఉందనీ, అంత బాగా నటించే మనిషి ఎక్కడ దొరికాడనీ అడిగింది.

పుస్తకం వచ్చింది. రెండో పేజీలో చిన్న అక్షరాలతో 'ముఖచిత్రం' అని ఉండి పక్కన చిన్నల్లుడి పేరుంది. దాని కింద మామగారి శాస్త్రీయమైన వివరణ ఉంది. వెనక నిలబడినది జమ్ము ఎత్తు తెలియడం కోసం స్వచ్ఛందంగా సహకరించిన రచయిత పెద్దల్లుడు, కొలతలు తీసుకునేవారు మోకాళ్ళ కింది భాగాన్ని కూడా కలుపుకోవలసిందని మనవి.

పెద్దల్లుడు ఆ పుస్తకాన్ని బీరువాలో బట్టల కింద పెట్టాడు. భార్య తీసి ముందు గదిలో, వచ్చినవాళ్ళకి ఎదురుగా కనబడేలా పెట్టింది. ఆవిడ లెక్క ఆవిడది.

"వాళ్ళాయన పేరు లోపలెక్కడో ఉంది, చదివేవాళ్ళు చదువుతారు. మీరు అట్ట మీదున్నారు. చదువు రానివాళ్ళకి కూడా కనిపిస్తారు."

ఈ మాట ఆవిడ భర్తతో అన్నది ఒక్కసారే, చెల్లెలితో అన్నది చాలాసార్లు. చెల్లెలు విని ఊరుకునే మనిషి కాదు. విన్న ప్రతిసారీ ఆ భారాన్ని భర్త మీదికి దించింది. ఫొటో తీయడానికి తెల్లారగట్ల లేచినది మీరు, స్టాండు మోసినది మీరు, ఆయన్ని బురదలోంచి పీకినది మీరు. చివరికి అట్ట మీద ఎవరున్నారు? బావగారున్నారు. ఆసుపత్రిలో రోగులు కూడా, బల్ల మీద పెట్టిన పుస్తకం చూసి, ఎవరండీ ఈయన, భలే నిలబడ్డాడని అడగసాగారు. తీసినదెవరని ఒక్కరూ అడగలేదు. చిన్నల్లుడు మొదట నవ్వేవాడు. తర్వాత తర్వాత నవ్వడం మానేశాడు. అద్దం ముందు ఒకటి రెండుసార్లు నడుం మీద చేతులు పెట్టుకుని చూసుకున్నాడని వినికిడి.

కొన్నాళ్ళకు పుస్తకం రెండోసారి అచ్చుకు వెళ్ళింది. వెనక అట్టకు కూడా ఒక బొమ్మ కావాలన్నారు. మళ్ళీ ఆదివారం, మళ్ళీ తెల్లవారకముందే కారు, మళ్ళీ చెక్కల బాట. ఈసారి చిన్నల్లుడు స్టాండు నిలిపి, కెమెరా బిగించి, పెద్దల్లుడి చేతికి అప్పగించాడు. అతని కాళ్ళకు మోకాళ్ళు దాటిన కొత్త రబ్బరు బూట్లున్నాయి. తలకు నూనె రాసి దువ్వి ఉంది.

"ఈసారి మీరు తీయండి అన్నయ్యగారూ. ఎప్పుడూ నేనే తీస్తే బాగుండదు. నేను అవతలికెళ్ళి కొలతకి నిలబడతా. మామయ్యగారికి కొలత ముఖ్యం కదా."

పెద్దల్లుడు అతని ముఖంలోకి చూశాడు. ఇంతకాలం అద్దంలో తప్ప మరెక్కడా కనిపించని ఆ చూపును వెంటనే గుర్తుపట్టాడు. తోడల్లుడి మీద మొదటిసారి అతడికి ఆత్మీయత కలిగింది. తప్పకుండా వెళ్ళమన్నాడు, జాగ్రత్తగా నిలబడమన్నాడు, బాగా కనిపించేలా కాస్త ఎడమకు జరగమని కూడా సలహా ఇచ్చాడు. చిన్నల్లుడు అవతలి గట్టు చేరి, జమ్ము పక్కన ఛాతీ విరిచి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఆకాశంలోకి చూశాడు.

పెద్దల్లుడు పుప్పొడి మీద గురి పెట్టాడు. లెన్సు మీది అంకె ఇరవై రెండు దగ్గరుంది. దాన్ని మెల్లగా, వాల్వు తిప్పినంత శ్రద్ధగా, రెండు పాయింట్ ఎనిమిదికి తిప్పి, నొక్కాడు.

ఆ ఫొటోలో పువ్వు చాలా బాగా వచ్చింది.